తొంభై ఏడు ఖాళీ గడులు

విరిగిన పాలతో చేసే ఛెనాపొడో పెట్టె ఒళ్ళో పెట్టుకుని రాగిణి బరంపురంలో బస్సెక్కి కూర్చుంది. పక్క సీట్లో ఆమె గైడు శివరామకృష్ణ మాస్టారు. ఇంకో ఏడాదిలో రిటైరవుతారు. ఆ ఊళ్ళో గోసాని నువాగాంలో లెక్కల మాస్టారిల్లు అంటే చాలు, ఆటోవాళ్ళు అడ్రసు అడక్కుండా గుమ్మం ముందు దింపుతారు.

రాగిణి ఒళ్ళో స్వీటుకి ఓ కారణం ఉంది. గంజాం దాటాక ఇసుక దిబ్బల పక్కనున్న పేటలో పన్నెండుమంది ఆడవాళ్ళు మొగలి పూలు కోస్తారు. అత్తరు తీసే భట్టీకి ఆ పూలు ఎండ ముదరకముందే చేరాలి, లేకపోతే వాసన పోతుంది. ఇదివరకు బుట్టలు నెత్తిన పెట్టుకుని నాలుగు మైళ్ళు నడిచేవాళ్ళు. ఈమధ్య ఛత్రపూర్ జిల్లా ఆఫీసువాళ్ళు ప్రయోగంగా ఒక ట్రాలీ ఆటో ఇచ్చారు. ఆ ఆటోకి దారి చూపించేది రాగిణి పెట్టిన ఫోన్ గ్రూపు. తెల్లవారుజామున ఎవరికెన్ని పూలు దొరికాయో ఎవరికి వాళ్ళు ఆ గ్రూపులో మాట్లాడి పెడతారు, డ్రైవరు జగ్గన్న అది విని ముందు ఏ దిబ్బకి వెళ్ళాలో చూసుకుంటాడు. పదిమంది కలిసి చేసే పనికి ఫోను ఎంతవరకు అక్కరకొస్తుంది అన్నదే రాగిణి పీహెచ్‌డీ.

బండి రాకముందు నెల్లాళ్ళు మనిషికి రోజుకి సగటున ముప్పై ఒక్క పూలు. వచ్చాక నెల్లాళ్ళు నలభై నాలుగు! మనిషికి కనీసం అయిదు పూలు పెరిగితే బండి ఉంటుంది, లేకపోతే పోతుందని ఆఫీసులో పూర్ణచంద్రబాబు ముందే చెప్పాడు. అయిదేమిటి, పదమూడు పెరిగాయి. మాస్టారు సంతకం పెట్టిన ఆ పట్టిక సోమవారం ఆఫీసు బల్ల మీదికి వెళుతుంది. ఇవాళ శనివారం. అందుకే రాగిణి వాళ్ళకి దండం పెట్టి నోరు తీపి చేసి రావడానికి బయల్దేరింది.

కూర్మమ్మ వాకిట్లో చాప పరిచి ఉంది. కూర్మమ్మ ఆ పన్నెండుమందికీ పెద్ద దిక్కు. పోయిన వానాకాలం రాగిణి మొదటిసారి వచ్చి ముళ్ళలో చెయ్యి పెట్టి రక్తం కార్చుకుంటే, పసుపు పెట్టి గుడ్డ కట్టి, "సదూకున్న పిల్లవి, నీకీ మొగలి ముళ్ళేటి తల్లీ?" అని తిట్టిన మనిషి. ఆ రోజు నుంచి రాగిణికి ఆవిడ పిన్ని అయిపోయింది.

"ఇదేటి, పెళ్ళి కుదిరిందేటి?" అంది కూర్మమ్మ పెట్టె చూసి.

"అంతకంటే మంచి సంగతి పిన్నీ. మీ పూలు పెరిగాయి. అంతా మీ చలవే. మీరు రోజూ పొద్దున్నే ఫోన్లో పలక్కపోతే నా చదువే లేదు." రాగిణి వంగి ఆవిడ కాళ్ళకి దండం పెట్టింది. కూర్మమ్మ సిగ్గుపడి, "సాల్లే, లెగు" అంటూనే ముక్క తుంచి మాస్టారికి పెట్టింది, తనో ముక్క నోట్లో వేసుకుంది.

అక్కడితో ఊరుకుంటే సరిపోయేది. సంతోషం ఎక్కువైతే మనిషికి వేళాకోళం పుడుతుంది. రాగిణి సంచీలోంచి పెద్ద కాగితం తీసి చాప మీద పరిచింది. అడ్డంగా ముప్పై రోజులు, నిలువుగా పన్నెండు పేర్లు, మొత్తం మూడువందల అరవై గడులు. కొన్ని గడుల్లో అంకె లేదు.

"ఒక్క కాసులత్త మాత్రం ముప్పై రోజులూ తప్పకుండా పలికింది. మిగతావాళ్ళంతా ఫోన్ చార్జింగ్ పెట్టుకోవడానికి బద్ధకం. చూడు, తొంభై ఏడు ఖాళీలు!"

కూర్మమ్మ నములుతున్నదల్లా ఆగింది.

"సార్జింగేటి తల్లీ? ఆ దినాల పూలు దొరకనేదు."

"దొరక్కపోతే లేవని చెప్పాలి కదా పిన్నీ? సున్నా అని ఒక్క మాట?"

"ఓలమ్మో! పొద్దున్నే బోనీ అవకుండా నేదు అని ఎవులైనా అంటారేటి? అందులోనూ ఆ పోన్లోన? నాలో నాను అనుకుంటే నా కరమ నాది. పోన్లో అన్నానంటే పన్నెండుమంది సెవినా పడతాది. ఒకర్తి నేదంటే ఆ రోజు అందరి బుట్టలూ అంతే. అందుకే ఉంటే సెప్తాం, నేకపోతే నోరు మూసుకుంటాం. నీకు తెలీదేటి?"

తెలీకపోవడమేమిటి! రాగిణి వాళ్ళ నాన్నది పెద్దబజారులో బట్టల కొట్టు. మొదటి బేరానికి వచ్చినవాళ్ళు అడిగిన చీర కొట్లో లేకపోయినా ఆయన నోట ఆ మాట రాదు. "సాయంత్రం రండమ్మా, తెప్పిస్తాను" అంటాడు. చిన్నప్పుడు ఓ పొద్దున రాగిణి కౌంటరు దగ్గర నిలబడి "లేవు" అన్నందుకు నెత్తిన మొట్టికాయ కూడా తింది. అంత తెలిసిన పిల్ల, పీహెచ్‌డీ దగ్గరికి వచ్చేసరికి పప్పులో కాలేసింది. ఆ ఖాళీలకి కింద చిన్నక్షరాలతో "ఫోన్ చార్జింగ్ లేనందున" అని రాసి, వాటిని వదిలేసి, అంకెలున్న గడులకే సగటు కట్టింది.

ఆమె మెల్లిగా తలెత్తి మాస్టారి వంక చూసింది. ఆయన అప్పటికే పెన్ను తీసి స్వీటు పెట్టె మూత మీద లెక్క వేస్తున్నారు.

"బండి రాకముందు లెక్క ఎవరిది?" అన్నారు తలెత్తకుండా.

"భట్టీ గుమస్తా పుస్తకం మాస్టారూ. సాయంత్రం కూర్చుని రాస్తాడు. రాని మనిషి పేరు ఎదురుగా సున్నా చుడతాడు. బండి వచ్చాక దారిలో ఇంకో ఊరి పూలు కూడా కలిసిపోతున్నాయి, మనిషి వారీగా అతనికి తెలియదు. అందుకే ఫోన్ లెక్క తీసుకున్నాం."

"అంటే ఆ నెలలో సున్నాలున్నాయి, ఈ నెలలో సున్నాలు లేవు. రెండూ పక్కపక్కన పెట్టి పెరిగిందన్నాం." ఆయన మూత ఇటు తిప్పారు. "తొంభై ఏడూ సున్నాలే అనుకుంటే నీ నలభై నాలుగు ముప్పై రెండవుతుంది."

ముప్పై ఒకటికి ముప్పై రెండు. కొండను తవ్వి ఎలుకను పట్టినట్టయింది. రాగిణికి చెవులు వేడెక్కాయి. రెండేళ్ళ చదువు, మాస్టారి సంతకం, ఈవిడ నెత్తి మీంచి దిగిన బరువు, అన్నీ ఆ పెట్టె మూత మీద ఉన్నాయి.

"నాదే తప్పమ్మా," అన్నారు మాస్టారు. "పన్నెండుమందే ఉన్న లెక్కలో నలభై నాలుగు కనపడగానే అనుమానం రావాలి. వచ్చింది కూడా. నా శిష్యురాలి అంకె అందంగా ఉందని అడగలేదు."

గోడకి ఆనుకుని బుట్ట అల్లుకుంటున్న తవిటయ్య అప్పుడు నోరు విప్పాడు. కూర్మమ్మ మొగుడు. మామూలుగా మాట్లాడే మనిషి కాదు.

"మాస్టరుబాబూ, ఒక మాట. ఈ ఊసు మన నలుగురికే కదా తెలుసు? ఆ కాయితం అలాగే ఇచ్చీండి. దీని మెడ నొప్పి ఈ నెల్లాళ్ళే తగ్గినాది. బండి పోతే మల్లీ బుట్టెత్తుకుని నడవాల. మీ అంకెలకేటి, నోరా వాయా?"

ఆ మాట రాగిణి కూడా తనలో తను అప్పటికే అనుకుంది. అబద్ధం ఎందుకు, ఒకటికి రెండుసార్లు అనుకుంది. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు సోమవారం దాకా ఊరుకుంటే బండి ఉంటుంది, పట్టా వస్తుంది. మాస్టారు ఆమె వంక చూడకుండా తన చేతివేళ్ళు చూసుకుంటూ కూర్చున్నారు. సంతకం ఆయనదే అయినా, నిర్ణయం ఆమెకే వదిలేశారు.

"బాబాయ్," అంది రాగిణి ఎట్టకేలకి. "నలభై నాలుగని ఇస్తే పూర్ణచంద్రబాబు మనిషికి నలభై నాలుగు చొప్పున లెక్క కట్టి పెద్ద బండి పంపుతాడు. రోజుకి అయిదువందల పైచిలుకు పూలు రావాలంటాడు. బండిలో నాలుగువందలు కూడా ఉండవు. అప్పుడు ఆఫీసులో ఏమంటారు? మిగతా పూలు ఆడవాళ్ళు దారిలో అమ్ముకుంటున్నారంటారు."

తవిటయ్య అల్లడం ఆపాడు. కూర్మమ్మ ముఖం ఎర్రబడింది.

"దొంగలంటారేటి మమ్మల్ని?" అంది. "అలాగైతే ఆ బండొద్దు, ఏటీ ఒద్దు. ఎన్నుంటే అన్నే రాయి తల్లీ."

"ఎన్నో నాకూ తెలియదు పిన్నీ. కొన్ని రోజులు నిజంగానే చార్జింగ్ లేక పలక్కపోయి ఉండొచ్చు, పూలు మాత్రం బండెక్కి ఉండొచ్చు. ముప్పై రెండుకీ నలభై నాలుగుకీ మధ్య ఎక్కడో ఉంది నిజం."

"ఎక్కడో ఉండడమేటి? అడిగితే సెప్పరేటి?" కూర్మమ్మ లేచి కొంగు దోపుకుంది. "బోనీ ఎప్పుడో అయిపోనాది. ఇప్పుడడుగు. నానెల్లి అందర్నీ లాక్కొస్తాను."

అన్నంత పనీ చేసింది. అరగంటలో వాకిలి నిండిపోయింది. మంచంలో ఉన్న కాసులమ్మా, దిబ్బల వైపు వెళ్ళిన కూర్మమ్మ కోడలు పద్మినీ తప్ప అందరూ వచ్చారు. కాసులమ్మకి రెండు రోజుల నుంచి కాస్త నలతగా ఉందట. ఆవిడ గడుల్లో ఖాళీలు లేవు కనక ఆవిడతో పని లేదనుకుంది రాగిణి.

తరవాత జరిగింది రాగిణి జన్మలో మరిచిపోలేదు. మనలో ఎవరినైనా, పోయిన నెల్లో నీకు దమ్మిడీ దొరకని రోజులేవో వరసగా చెప్పమంటే చెబుతామా? వాళ్ళు చెప్పారు. పదిమంది ముందు, లెక్కలు రాసుకునే పరాయి మనిషి ముందు చెప్పారు.

"ఈ మంగళారం నా దోటి ఇరిగిపోనాది, ఒట్టి సేతుల్తో వొచ్చినాను. రాయి, సున్నా."

"ఇది మా గుంటకి సెవులు కుట్టించిన రోజు. అడివికెల్నేదు."

"ఈ రోజు కరెంటు నేదు, పోను సచ్చిపోనాది. పూలు నలభై, జగ్గన్న బండికే ఏసినాను. కావాలంటే ఆణ్ణడుగు."

"ఈ మూడు దినాలూ ఒకటే ముసురు. ముప్పూట గంజే."

ఒకావిడ చెబుతూ చెబుతూ కళ్ళొత్తుకుంది. పక్కనున్నావిడ "ఏల ఏడుత్తావు, రాగినమ్మ సున్నా ఏసి దాన్ని కొట్టీలేదేటి" అని నవ్వించింది. రాగిణి ఒక్కో గడీ నింపుతూ, ఆ ఖాళీలకి తను రాసిన "చార్జింగ్ లేనందున" అన్న మాటని గుర్తుచేసుకుని లోపల్లోపలే లెంపలేసుకుంది. ఎవరూ ఆమెని తప్పు పట్టలేదు. పైగా మా గురించి ఇంత అడిగినోళ్ళు లేరమ్మా అన్నారు. అసలు వీళ్ళకి తను ఎన్ని ఛెనాపొడోలు పంచితే తీరుతుందీ రుణం?

డెబ్భై అయిదు గడులు నిండాయి. యాభై ఎనిమిది సున్నాలు, పదిహేడింటిలో పూలున్నాయి. మిగిలిన ఇరవై రెండూ ఒకే వరసలో ఉన్నాయి. తొమ్మిదో రోజు నుంచి ముప్పయ్యో రోజు దాకా ఒక్క మాట లేదు. ఆ వరస పద్మినిది.

మాస్టారు మూత మీద మళ్ళీ లెక్క వేసి, గొంతు తగ్గించి చెప్పారు. "ఈ అమ్మాయివి సున్నాలైతే సగటు ముప్పై నాలుగు. బండి పోతుంది. పూలుంటే ముప్పై ఆరు దాటుతుంది. బండి ఉంటుంది. లక్షమందిలో ఒకరి మాట గాలికి పోతుందేమో గానీ, పన్నెండుమందిలో పోదు." తరవాత అందరికీ వినపడేలా, "ఆ పిల్ల వచ్చేదాకా ఏ జవాబు మనకి కావాలో ఎవరూ చెప్పకూడదు. సైగ కూడా చెయ్యకూడదు" అన్నారు.

"ఇరవై రెండు దినాలూ బండి కాడికి ఒట్టి బుట్టే తెచ్చినాది బాబూ. నా కళ్ళతో సూసినాను," అంది కూర్మమ్మ దిగులుగా. "కొత్తగా నేర్సినపిల్ల, సేతిసలవ నేదేమోనని నాను పల్లెత్తు మాటననేదు."

అంతలోనే పద్మిని దోటి భుజాన వేసుకుని వచ్చింది. వాకిట్లో ఇంతమందిని చూసి గుమ్మం దగ్గరే ఆగిపోయింది. తవిటయ్య ఏదో అనబోయి, మాస్టారి చూపు చూసి నోరు మూసుకున్నాడు. రాగిణి కాగితం చూపించి, తొమ్మిదో రోజు నుంచి పూలు దొరికాయా లేదా అని మాత్రం అడిగింది.

పద్మిని అత్త వైపు చూసింది, నేల వైపు చూసింది.

"దొరికినాయి అక్కా. రోజూ దొరికినాయి."

వాకిట్లో పదిమంది గుండెల మీంచి రాయి దిగింది. కానీ పద్మిని ఇంకా అయిపోలేదు.

"అన్నీ కాసులత్త బుట్టలో ఏసీసినాను. అత్త ఎనిమిదో రోజునుంచే మంచం దిగనేదు. ఎవులికీ సెప్పొద్దని ఒట్టేయించుకున్నాది. ఎవులైనా అడిగితే అత్త ముందే దిబ్బకెల్లిపోనాదని సెప్పీదాన్ని. రోజూ ఎన్నో నాను లెక్కెట్టి సెప్తే, మంచం మీంచే పోన్లో పలికేది. నా పురిటినాడు తుపానులో నన్ను ఈపున మోసుకుని రోడ్డుదాకా తెచ్చినాది అత్త. ఆ నాలుగు పూలకి ఆలోసిస్తానేటి?"

అవే పూలు కాసులమ్మ వరసలో ఒకసారి లెక్కలోకి వచ్చేశాయి. రెండోసారి రావు. పద్మిని వరసలో రాగిణి ఇరవై రెండు సున్నాలు చుట్టింది. అందరూ కూర్మమ్మ ఏమంటుందోనని చూస్తున్నారు. ఆవిడ కోడలి దగ్గరికి వెళ్ళి చెంప మీద చెయ్యి వేసింది.

"ఒక్క మాట సెప్పనేకపోనావే? నా బుట్టలోవీ సగం ఏసీదాన్ని కదే," అని భోరుమంది.

మాస్టారు అప్పటిదాకా మూత మీదే చూస్తున్నారు. ఉన్నట్టుండి, "రాగిణీ, హారం మార్చు," అన్నారు. "ఆ ఇరవై రెండు రోజులూ పూలు కోసింది పన్నెండుమంది కాదు, పదకొండుమంది. బండి రాకముందు నెలలో ఎవరూ మంచాన పడలేదు. పని చేసినవాళ్ళకే సగటు కట్టాలి. కట్టు."

కట్టింది. ముప్పై ఆరుకి పిసరెక్కువ! పెరగాల్సిన అయిదూ పెరిగాయి, బండి నిలుస్తుంది, ఇందులో దొంగ అంకె ఒక్కటీ లేదు. రాగిణికి మాస్టారి కాళ్ళ మీద పడాలనిపించింది. కానీ కాసులమ్మని ఎందుకు లెక్కలోంచి తీసేశారో పక్కన రాయాలి. ఆవిడ దాచమన్న సంగతి ఆఫీసులో చదువుతారు.

"నన్ను అడగనియ్యండి మాస్టారూ. ఆవిడ ఒప్పుకోకపోతే ముప్పై నాలుగే ఇద్దాం," అంది.

కాసులమ్మ గుడిసె నాలుగిళ్ళ అవతల. రాగిణి వంగి లోపలికి వెళ్ళింది. రోజూ ఫోన్లో విన్న గొంతే, అంతే ఖంగుమంటూ పలకరించింది. కాసులమ్మ నడుం దాకా దుప్పటి కప్పుకుని గోడకి చేరగిలబడి ఉంది. సంగతంతా నిదానంగా వింది.

"నా పేరు రాస్తే బండి ఉంటాదంటావు," అంది చివరికి.

"మీరు ఒప్పుకుంటేనే అత్తా. మీ జబ్బేమిటో రాయను. మంచాన పడ్డారని మాత్రం రాస్తాను."

కాసులమ్మ నవ్వింది. నవ్వుతూనే దుప్పటి పక్కకి లాగింది. వెదురు బద్దలు కట్టిన కాలు మోకాలి కింద నల్లగా కమిలి, వాచిపోయి ఉంది.

"జబ్బు కాదు తల్లీ. ఎనిమిదో రోజున బుట్టెక్కిస్తుంటే జగ్గన్న సూడకుండా బండి ముందుకి లాగీసినాడు. సెక్రం కింద పడింది కాలు. ఆ మాట బైటికొస్తే బండాపేస్తారని, పదకొండుమంది మల్లీ నెత్తిన మోస్తారని, నెల్లాళ్ళుగా పల్లు బిగబట్టుకున్నాను. ఇప్పుడు సెప్పు, ఏటని రాస్తావు?"